వాడని బ్రేకు

కాలాపేటలో ఇనుము ఎక్కువ కాలం బతకదు. పుదుచ్చేరి పట్నానికి ఉత్తరాన, ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద పది పన్నెండు కిలోమీటర్లు వెళ్తే వచ్చే ఊరు ఇది. రోడ్డుకు ఒక పక్క కేంద్రీయ విశ్వవిద్యాలయం. ఆ దారిలోనే టెక్నలాజికల్ యూనివర్సిటీ, పిమ్స్ ఆసుపత్రి, న్యాయ కళాశాల. తూర్పున కాస్త నడిస్తే బంగాళాఖాతం. ఆ గాలిలో ఉన్న ఉప్పు కిటికీ ఊచలను, గేటు బందులను, సైకిలు గొలుసులను వదలదు. యానాం నుంచి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి ఇక్కడ చదువుకోవడానికి వచ్చే తెలుగు పిల్లలకు సముద్రపు గాలి కొత్తేమీ కాదు. అయినా హాస్టల్ ముందు వదిలేసిన బైకు సెలవుల తరువాత ఎలా తయారవుతుందో చూసి వాళ్ళు కూడా ఆశ్చర్యపోతారు.

ఇలాంటి ఊళ్ళో ఈ మధ్య హైబ్రిడ్ కార్లు పెరిగాయి. పెట్రోలు ఇంజనూ కరెంటు మోటారూ కలిసి నడిపే ఈ కార్లకు మైలేజీ బాగుంటుంది, చప్పుడు తక్కువ. బ్రేక్ ప్యాడ్లు ఏళ్ళ తరబడి అరగవని కొన్నవాళ్ళు సంతోషంగా చెబుతారు. ఆ మాట నిజమే. కానీ మెకానిక్ చక్రం విప్పితే కనిపించేది మరొకటి. ప్యాడ్లు మందంగానే ఉంటాయి. డిస్కు అంచున తుప్పు పొరలు కట్టి ఉంటుంది, ప్యాడ్లను డిస్కు మీద నొక్కే క్యాలిపర్ జారాల్సిన పిన్నులు బిగుసుకుపోయి ఉంటాయి. మామూలు పెట్రోలు కారులో రాత్రి పట్టిన తుప్పును పొద్దున రెండు మూడు సార్లు బ్రేకు తొక్కితే ప్యాడ్లే తుడిచేస్తాయి. హైబ్రిడ్‌లో ఆ తుడవడం సరిగా జరగదు, ఎందుకంటే పెడల్ తొక్కిన ప్రతిసారీ డిస్కుకు పని పడదు. అరిగిపోయి పాడయ్యే బ్రేకును మనం వందేళ్ళుగా ఎరుగుదుం. పని లేక పాడయ్యే బ్రేకు మాత్రం కొత్త. ఇది ఎలా వచ్చిందో తెలిస్తే దాన్ని ఎలా చూసుకోవాలో కూడా తెలుస్తుంది. అందుకే ముందు ఆ కథ.

1400 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. దాని కదలికలో సుమారు 1,94,000 జౌళ్ళ శక్తి ఉంటుంది. అరలీటరుకు పైగా చన్నీళ్ళను తెర్లబెట్టడానికి సరిపోయే శక్తి అది. బ్రేకు తొక్కగానే ప్యాడ్లు డిస్కును రెండు వైపులా పట్టుకుంటాయి, ఆ శక్తంతా వేడై గాలిలో కలిసిపోతుంది. తరువాత మళ్ళీ 60కి చేరాలంటే అంత శక్తినీ పెట్రోలు తగలబెట్టి తెచ్చుకోవాలి. పట్నంలో ప్రతి సిగ్నల్ దగ్గరా, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఇదే జరుగుతుంది. కష్టపడి సంపాదించిన దాన్ని ఆగిన ప్రతిసారీ పారబోయడం ఇంజనీర్లకు మొదటి నుంచీ నచ్చలేదు.

పారబోయకుండా పట్టుకునే ఉపాయానికి మూలం 1873 నాటి వియన్నా ప్రపంచ ప్రదర్శనలో ఉంది. బెల్జియంలో పుట్టిన జెనోబ్ గ్రామ్ తయారుచేసిన డైనమోలను అక్కడ ప్రదర్శనకు పెట్టారు. తిప్పితే కరెంటు ఇచ్చే యంత్రాలవి. ఒక డైనమో ఇస్తున్న కరెంటును తీగలతో రెండో డైనమోకు కలిపితే ఆ రెండోది తనంతట తానే తిరగడం మొదలుపెట్టింది. కరెంటు పోస్తే తిరిగే యంత్రమూ, తిప్పితే కరెంటు ఇచ్చే యంత్రమూ ఒకటేనని జనం కళ్ళారా చూశారు. ఫారడే 1831లోనే వేసిన పునాది అది. వియన్నా తరువాత అది వ్యాపారంలోకి వచ్చింది.

ఆ సంగతిని బండికి అన్వయిస్తే ఇలా ఉంటుంది. బండి పరుగెత్తేటప్పుడు మోటారు చక్రాన్ని తిప్పుతుంది. ఆగాల్సి వచ్చినప్పుడు చక్రమే మోటారును తిప్పనివ్వాలి. అప్పుడు మోటారు డైనమోగా మారి కరెంటు ఇస్తుంది. కరెంటు ఇచ్చే డైనమోను తిప్పడం బరువు గనుక చక్రం నెమ్మదిస్తుంది. అంటే బ్రేకు పడుతుంది, కరెంటూ చేతికి వస్తుంది. అమెరికాలో ఫ్రాంక్ స్ప్రేగ్ 1880ల్లోనే ఇలా కరెంటును లైనుకు తిరిగి పంపే మోటార్ల మీద పనిచేశాడు. 1888లో రిచ్‌మండ్ పట్నంలో విద్యుత్ ట్రాములను నడిపి చూపించింది ఆయనే. పారిస్‌లో లూయీ క్రీగర్ 1890ల్లో గుర్రపు బగ్గీల ముందు చక్రాలకు మోటార్లు బిగించి, వాటితోనే వేగం తగ్గించే ఏర్పాటు చేశాడు. కారనేది ఇంకా రూపు దిద్దుకుంటున్న రోజులవి.

ఈ కథలో నేను ఎక్కువసేపు ఆగే చోటు ఇంగ్లండు. జాన్ రావర్త్ అనే ఇంజనీరు 1903 నుంచి 1908 దాకా ఈ పద్ధతి మీద పేటెంట్లు తీసుకుని ట్రాము కంపెనీలకు అమ్మాడు. డెవన్‌పోర్ట్, బర్మింగ్‌హామ్, రాటెన్‌స్టాల్, క్రిస్టల్ ప్యాలెస్ నుంచి క్రాయ్‌డన్ వెళ్ళే దారి, ఇలా చాలా చోట్ల ఆయన ట్రాములు దిగుడులో కరెంటు పుట్టించుకుంటూ దిగాయి. కరెంటు బిల్లు తగ్గింది, బ్రేకు దిమ్మల ఖర్చూ తగ్గింది. అయితే ఈ పద్ధతిలో ఒక మెలిక ఉంది. ట్రాము పుట్టించిన కరెంటు పై తీగలోకి వెళ్ళాలంటే ఆ క్షణంలో దాన్ని వాడుకునే మరో బండి ఆ లైను మీద ఉండాలి. తీసుకునేవాడు లేకపోతే కరెంటు పారదు. కరెంటు పారకపోతే మోటారు బ్రేకు పట్టదు. అందుకే ఆ ట్రాములకు చక్రం మీద పడే బ్రేకు విడిగా ఉంచారు, పట్టాను నేరుగా ఒత్తే బ్రేకు కూడా పెట్టారు. అయినా 1911లో రాటెన్‌స్టాల్‌లో ఘోర ప్రమాదం జరిగింది. ప్రభుత్వం ఈ పద్ధతి మీద నిషేధం పెట్టింది. ఇంగ్లండు ట్రాముల్లోకి అది తిరిగి రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

హైబ్రిడ్ నడిపే ప్రతి ఒక్కరూ ఈ రాటెన్‌స్టాల్ పేరు గుర్తుంచుకోవాలని నా కోరిక. మోటారు బ్రేకు ఎప్పుడూ ఒక షరతు మీదే పనిచేస్తుంది. అది పుట్టించే కరెంటును తీసుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి. ట్రాముకు ఆ ఎవరో మరో ట్రాము, కారుకు బ్యాటరీ. తీసుకునేవాడు కాదన్న రోజున నిలబెట్టేది ఒరిపిడితో పనిచేసే పాత బ్రేకే. రోజూ వాడకపోయినా అది అవసరమైన క్షణంలో సిద్ధంగా ఉండాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది.

రైళ్ళకు ఈ షరతు అంత ఇబ్బంది పెట్టలేదు, ఎందుకంటే పెద్ద లైను మీద ఎప్పుడూ ఏదో ఒక బండి ఎక్కుతూ ఉంటుంది. మన దేశంలో 1920ల చివర బొంబాయి దగ్గరి భోర్, థళ్ ఘాట్ల కోసం తెచ్చిన ‘క్రొకడైల్’ విద్యుత్ ఇంజన్లకు ఈ ఏర్పాటు ఉండేది. దిగే గూడ్సు పుట్టించిన కరెంటు ఎక్కే గూడ్సుకు చేదోడయ్యేది. తెలుగు నేల మీద దీనికి తగిన చోటు కొత్తవలస–కిరండూల్ లైను, మనవాళ్ళు కేకే లైను అనేది. బైలదిల్లా గనుల ఇనుప రాయిని విశాఖ రేవుకు దించి జపాన్‌కు ఎగుమతి చేయడానికి 1960ల్లో తూర్పు కనుమలను తొలిచి వేసిన దారి. అరకు దాటాక శిమిలిగుడ దగ్గర అది సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి బొర్రా గుహల పక్కగా సొరంగాల్లో మలుపులు తిరుగుతూ దిగుతుంది. విశేషమేమిటంటే ఇక్కడ ఎక్కే వ్యాగన్లు ఖాళీ, దిగేవి నిండు. వేల టన్నుల రాయి తన బరువుతో తానే కిందికి తోసుకొస్తుంది. ఇప్పటి వ్యాగ్-9 ఇంజన్లు ఆ తోపులో కొంత భాగాన్ని కరెంటుగా మార్చి పై తీగలోకి పంపగలవు. బోగీల గాలి బ్రేకులు మాత్రం యథావిధిగా ఉంటాయి. వాటి తనిఖీ జరగకుండా ఏ గూడ్సూ ఘాట్ దిగదు.

మెట్రోలకు వచ్చేసరికి ఇదొక లెక్కల వ్యవహారం కూడా అయింది. బ్రేకులతో కరెంటు ఆదా చేసినందుకు ఢిల్లీ మెట్రో 2007లో ఐక్యరాజ్య సమితి కర్బన పథకంలో నమోదైంది. ప్రపంచంలో ఏ రైల్వేకైనా అది మొదటిసారి. 2017 నవంబరులో మొదలైన హైదరాబాద్ మెట్రో రైళ్ళు కూడా స్టేషన్లో ఆగే ప్రతిసారీ కరెంటు తిరిగి ఇస్తున్నాయి.

కారు సంగతి వేరు. దాని నెత్తిన తీగ లేదు. పుట్టిన కరెంటును అక్కడికక్కడే దాచుకోవాలి. అదీ ఆగడానికి పట్టే నాలుగైదు సెకన్లలోనే. పాత సీసం బ్యాటరీకి అంత వేగంగా కరెంటు మింగడం చేతకాదు. 1967లో అమెరికన్ మోటార్స్ వాళ్ళు గల్టన్ కంపెనీతో కలిసి అమిట్రాన్ అనే బుల్లి కారు చూపించారు. అందులో లిథియం, నికెల్ కాడ్మియం బ్యాటరీలు ఉన్నాయి, బ్రేకుతో కరెంటు పట్టే ఏర్పాటూ ఉంది. ఆలోచన ముందున్నా దానికి తగిన బ్యాటరీ, దాన్ని నడిపే ఎలక్ట్రానిక్స్ వెనకబడ్డాయి. ఆ కారు బజారులోకి రాలేదు. మన దేశంలో బెంగళూరు నుంచి 2001లో చేతన్ మైనీ తెచ్చిన రేవా బ్రేకుల్లో పోయే శక్తిని తిరిగి పట్టింది. అది పూర్తిగా కరెంటు కారు.

అసలు మలుపు జపాన్‌లో జరిగింది. 1993లో టయోటా ఇరవై ఒకటో శతాబ్దపు కారు ఎలా ఉండాలో తేల్చడానికి జీ21 అనే ప్రాజెక్టు మొదలుపెట్టింది. దానికి పెద్ద తకేషి ఉచియమద. మామూలు కార్ల కంటే మైలేజీ కొంచెం పెంచితే చాలదని, రెట్టింపు కావాలని పైవాళ్ళు పట్టుబట్టారు. పెట్రోలు ఇంజను ఒక్కదానితో అది కుదిరే పని కాదు. మోటారు కలపాలి, పోయే శక్తిని పట్టాలి. 1995 చివర మొదటి నమూనా తయారైనప్పుడు అది నలభై తొమ్మిది రోజుల పాటు అంగుళం కూడా కదలలేదు. చివరకు కదిలినప్పుడు వెళ్ళింది కొన్ని వందల మీటర్లే. రెండేళ్ళ తరువాత, 1997 డిసెంబరులో, ప్రియస్ జపాన్ రోడ్ల మీదికి వచ్చింది. అందులో నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ పెట్టారు. గబగబా కరెంటు తీసుకోవడం, గబగబా ఇవ్వడం, లక్షల సార్లు చేసినా అలసిపోకపోవడం, ఈ మూడూ దానికి చేతనైనవి.

బ్యాటరీ దొరికాక మిగిలింది పెడల్. ఇంజనీర్లను నిజంగా ఏడిపించింది ఇదేనని నేను నమ్ముతాను. డ్రైవరు కాలికి తెలిసింది ఒకే బ్రేకు. ఎంత తొక్కితే అంత ఆగాలి, ప్రతిసారీ ఒకేలా ఆగాలి. కానీ పెడల్ వెనక ఇప్పుడు రెండు బ్రేకులు ఉన్నాయి. ఒకటి మోటారు బ్రేకు. అది వేగం బాగా ఉన్నప్పుడు పట్టు ఇస్తుంది, కారు దాదాపు ఆగబోయే ముందు నీరసిస్తుంది, బ్యాటరీ నిండితే అసలే పట్టదు. రెండోది ఆయిల్ ఒత్తిడితో ప్యాడ్లను నొక్కే పాత బ్రేకు. వీటిలో ఒకటి తగ్గుతుంటే ఇంకొకటి సరిగ్గా అంతే పెరగాలి. కాలికి తెలియకూడదు. మొదటి ప్రియస్‌లోనే రెండింటినీ కలిపే ఏర్పాటు ఉంది. 2003లో వచ్చిన రెండో తరంలో దాన్ని పూర్తిగా కంప్యూటరుకు అప్పగించారు. అందులో పెడల్ తొక్కితే ఆయిల్ నేరుగా చక్రాలకు వెళ్ళదు. ఎంత బలంగా, ఎంత వేగంగా తొక్కారో సెన్సర్లు కంప్యూటరుకు చెబుతాయి. ఇందులో మోటారు వాటా ఎంత, ప్యాడ్ల వాటా ఎంత అని అది లెక్క కట్టి పంచుతుంది. కాలి కింద తగిలే బిగువు కూడా ఒక స్ప్రింగు యంత్రం పుట్టించేదే.

ఇక్కడ ఆ ఇంజనీర్ల జాగ్రత్తను మెచ్చుకోవాలి. కంప్యూటరుకు కరెంటు అందకపోతే ఏమిటి గతి అని వాళ్ళు ముందే ఆలోచించారు. ఆ కంప్యూటరుకు కరెంటిచ్చే చిన్న బ్యాటరీ చచ్చినా కొన్ని సార్లు బ్రేకు పట్టేలా విడిగా కెపాసిటర్లు పెట్టారు. అవీ పోతే పెడల్ నుంచి ముందు చక్రాలకు ఆయిల్ నేరుగా వెళ్ళే దారి తెరుచుకుంటుంది. పెడల్ గట్టిగా అనిపిస్తుంది, ఎక్కువ బలంతో తొక్కాల్సి వస్తుంది, కారు మాత్రం ఆగుతుంది. ఎర్రటి బ్రేకు దీపం వెలిగి పెడల్ రాయిలా తగిలితే భయపడి కాలు తీసేయకూడదు. ఇంకా గట్టిగా తొక్కి పట్టుకోవాలి, కారును పక్కకు తీసి ఆపాలి, సర్వీసు సెంటరుకు దాన్ని నడుపుకుంటూ వెళ్ళకూడదు.

ఇంత జాగ్రత్త పడినా 2010లో కంపెనీకి ఎదురుదెబ్బ తగిలింది. మూడో తరం ప్రియస్ కొన్నవాళ్ళలో కొందరు ఒకే రకం ఫిర్యాదు చేశారు. గతుకులున్న చోట, లేదా జారే రోడ్డు మీద మెల్లగా బ్రేకు తొక్కితే, ఒక్క క్షణం పట్టు జారి కారు ముందుకు పోతున్నట్టు అనిపిస్తోందని. జరిగింది ఇది. చక్రం గతుకు మీద ఎగిరినప్పుడు జారుతున్నట్టు లెక్కగట్టి, చక్రాలు జారకుండా చూసే ఏబీఎస్ జోక్యం చేసుకుంటుంది. ఆ క్షణంలో మోటారు బ్రేకు పక్కకు తప్పుకుని ఆయిల్ బ్రేకుకు పని అప్పగిస్తుంది. ఆ అప్పగింతలో తేడా వచ్చింది. బ్రేకు పోలేదు. కానీ కాలు అలవాటు పడ్డ పట్టు రెప్పపాటు తగ్గింది. ఆ ఫిబ్రవరిలో టయోటా ప్రపంచవ్యాప్తంగా 4 లక్షలకు పైగా హైబ్రిడ్ కార్లను వెనక్కి పిలిచి సాఫ్ట్‌వేర్ మార్చింది. ఏ సామానూ మార్చలేదు, లెక్క మాత్రమే మార్చింది. బ్రేకును ప్రోగ్రాముతో బాగుచేయడం జనానికి అప్పటికి వింత. అందుకే హైబ్రిడ్ యజమాని సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, రీకాల్స్ ఏమైనా ఉన్నాయా అని అడగడం ప్యాడ్లు చూడమనడంతో సమానం.

మన దగ్గరికి ఈ కార్లు మెల్లగా వచ్చాయి. 2008లో హోండా సివిక్ హైబ్రిడ్, 2010లో ప్రియస్, 2013లో బిడదిలో తయారైన క్యామ్రీ. ధర చూసి జనం దూరంగానే ఉన్నారు. 2022లో హోండా సిటీ, టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్ వరసగా వచ్చాకే మధ్యతరగతి ఇళ్ళ ముందు హైబ్రిడ్లు కనిపించడం మొదలైంది.

వీటిలో చిన్నవాటి బ్యాటరీ ఒక యూనిట్ కరెంటు కూడా పట్టదు. ఇది గుర్తుపెట్టుకుని తిరుమల కొండ దిగడాన్ని లెక్కేద్దాం. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డే ఇప్పుడు దిగే దారి. ఎత్తు తేడా ఏడు వందల మీటర్లకు అటూ ఇటూ. కుటుంబంతో, సామానుతో 1600 కిలోలున్న కారు అంత కిందికి దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 3 యూనిట్లు. గాలి, టైర్ల ఒరిపిడి మూడో వంతు తిన్నా ఇంకా రెండు యూనిట్లు మిగులుతాయి. బ్యాటరీ తన ఆరోగ్యం కోసం ఉన్న సామర్థ్యంలో కూడా మధ్య భాగాన్నే వాడుకుంటుంది. అంటే సగం కొండ దిగకముందే అది నిండిపోవచ్చు. రాటెన్‌స్టాల్ షరతు ఇక్కడ ఎదురవుతుంది. మోటారు బ్రేకు పుట్టించే కరెంటును తీసుకునేవాడు లేడు.

అప్పుడు చేయాల్సిన పని ఇంజనును వాడుకోవడం. చాలా హైబ్రిడ్లలో గేరు మీట దగ్గర ‘బి’ అనే అక్షరం ఉంటుంది, కొన్నింటిలో స్టీరింగ్ వెనక మీటలు ఉంటాయి. బిలో పెడితే, బ్యాటరీ నిండినప్పుడు కారు పెట్రోలు ఇంజనును ఉత్తినే గిర్రున తిప్పి ఆ శక్తిని ఖర్చు పెడుతుంది. ఇంజను గట్టిగా అరుస్తుంది. కంగారు అక్కర్లేదు, అది తన పని చేస్తోంది. ప్యాడ్లు కాగిపోకుండా కాపాడుతోంది. ఘాట్ మొదట్లోనే బిలో పెట్టుకోవాలి, మలుపు మధ్యలో కాదు. మైదానంలో మళ్ళీ డీకి రావాలి, లేకపోతే మైలేజీ పోతుంది. ఇక పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దించే పాత అలవాటు ఒకటుంది. మామూలు కారులోనే అది ప్రమాదం. హైబ్రిడ్‌లో మరీ తప్పు, ఎందుకంటే న్యూట్రల్‌లో మోటారు బ్రేకూ పనిచేయదు, ఇంజను బ్రేకూ ఉండదు. భారమంతా ప్యాడ్ల మీదే పడుతుంది.

కాలాపేటకు కొండ లేదు. ఈస్ట్ కోస్ట్ రోడ్డు తిన్నగా, చదునుగా సాగుతుంది. ఇక్కడి బ్రేకులు కాగి పాడవవు, ఊరికే ఉండి పాడవుతాయి. నెమ్మదిగా నడిపేవాళ్ళ కార్లకే ఇది ఎక్కువ. ముందే చూసుకుని మెల్లగా తొక్కితే పనంతా మోటారే చేసేస్తుంది, డిస్కు తడి ఆరదు. అందుకని వారానికి కొన్ని సార్లు వెనక ఏ బండీ లేదని అద్దంలో చూసుకుని, ఖాళీ రోడ్డు మీద, ఓ మోస్తరు వేగం నుంచి కాస్త గట్టిగా బ్రేకు తొక్కాలి. మోటారు తన శక్తి మేరకే ఆపగలదు. అంతకు మించి అడిగితే ప్యాడ్లు రంగంలోకి దిగక తప్పదు. అలా తుడిస్తే డిస్కు మళ్ళీ మెరుస్తుంది. కారు కడిగిన వెంటనే నీడన పెట్టేసి లోపలికి వెళ్ళిపోవడం ఇక్కడ మంచిది కాదు. ఒక వీధి చుట్టి, బ్రేకు నాలుగు సార్లు తొక్కి, ఆరాక పెట్టాలి. సెలవులకు యానామో హైదరాబాదో వెళ్తూ కారును వారాల తరబడి వదిలేస్తే, చదును నేల మీద పీలో పెట్టి, చక్రాలకు అడ్డు పెట్టి, వీలైన కార్లలో పార్కింగ్ బ్రేకు వదిలేయడం మేలు. లేకపోతే ప్యాడ్లు డిస్కుకు అతుక్కుంటాయి.

ఏడాదికోసారి, వానలు అయ్యాక, నాలుగు చక్రాలూ విప్పించాలి. ప్యాడ్లు మందంగా ఉన్నాయి సార్ అన్న మాటతో సరిపెట్టుకోకూడదు. క్యాలిపర్ పిన్నులు చేత్తో జారుతున్నాయా, వాటి రబ్బరు తొడుగులు చినిగాయా, లోపలి ప్యాడూ బయటి ప్యాడూ సమానంగా ఉన్నాయా చూడమనాలి. పిన్నులకు వాటికి తగిన గ్రీజే పెట్టాలి, మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. డిస్కు అంచున తుప్పు గాట్లు పడి ప్యాడ్ తగిలే మేర తగ్గిపోతే డిస్కు మార్చడమే.

బ్రేక్ ఆయిల్ ఇంకో సంగతి. గాలిలో తేమను పీల్చుకోవడం దాని గుణం. డాట్ 3 ఆయిల్ కొత్తలో కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. ప్యాడ్లు అరగలేదు కదా అని ఆయిల్ మార్చకుండా తిరిగేవాళ్ళు ఉన్నారు. ఆయిల్‌కు కిలోమీటర్లతో పని లేదు, కాలంతోనే పని. సముద్రం పక్కన కారు పుస్తకంలో రాసిన గడువును ఒక్క నెల కూడా దాటించకూడదు. ఆయిల్‌లో చేరిన తేమ పైపులను, కవాటాలను లోపల నుంచి తుప్పు పట్టిస్తుంది. ఈ కార్లలో ఆ కవాటాల పెట్టె ధర చాలా ఎక్కువ.

2024 నవంబరు 30న ఫెంజల్ తుపాను తీరం దాటినప్పుడు పుదుచ్చేరిలో ఒక్క రోజులో 45 సెంటీమీటర్లకు మించి వాన పడింది. వీధుల్లో కార్లు మునిగాయి. అలా నీళ్ళలో నిలిచిన హైబ్రిడ్‌ను స్టార్ట్ చేసి చూడకూడదు, నారింజ రంగు తొడుగున్న తీగలను తాకకూడదు, సర్వీసు వాళ్ళను పిలిపించి వేరే బండి మీద ఎక్కించి తీసుకెళ్ళాలి. తక్కువ నీళ్ళలోంచి దాటి వచ్చిన కారైతే మెల్లగా పోతూ బ్రేకును తేలిగ్గా తొక్కి ఆరబెట్టుకోవాలి.

ఈ తుప్పు గొడవ కంపెనీలకూ తెలుసు. 2020లో వోక్స్‌వ్యాగన్ తన కరెంటు కారు ఐడీ.3 వెనక చక్రాలకు డిస్కులు మానేసి, పాతకాలపు మూత ఉన్న డ్రమ్ము బ్రేకులు పెట్టింది. లోపలి భాగాలకు నీళ్ళు, ఉప్పు తగలవని, పని తక్కువ కాబట్టి డ్రమ్ము చాలునని. ఐరోపా యూరో 7 నిబంధనలు బ్రేకుల నుంచి రాలే పొడికి మొదటిసారి హద్దు పెట్టాయి. హైబ్రిడ్ కారుకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు, పూర్తి కరెంటు కారుకు 3. ఆ హద్దుల కోసం గట్టి పూత వేసిన, తుప్పు పట్టని డిస్కులు వస్తున్నాయి. మన తీరప్రాంతానికి అవి ఎంత త్వరగా వస్తే అంత మంచిది.

అంతదాకా వీధి చివర షెడ్డులో పని చేయించుకునేవాళ్ళు ఒక ముఖ్యమైన జాగ్రత్త పాటించాలి. కంప్యూటరు నడిపే బ్రేకు ఉన్న కార్లలో డ్రైవరు తలుపు తీయగానే ఒక పంపు సన్నగా మోగుతూ ఒత్తిడి నింపుకుంటుంది. క్యాలిపర్ విప్పి ఉన్నప్పుడు అలా జరిగితే పిస్టన్ తోసుకొచ్చి వేళ్ళు నలిగిపోతాయి. కాబట్టి పని మొదలుపెట్టే ముందు కారును పూర్తిగా ఆపి, తాళాన్ని దూరంగా పెట్టి, ఆ కంపెనీ చెప్పిన పద్ధతిలో బ్రేకు కంప్యూటరును సర్వీసు స్థితిలో పెట్టాలి. ఆయిల్ మార్చి గాలి తీయడానికి కూడా పెడల్ తొక్కిస్తూ నట్టు వదిలే పాత పద్ధతి చాలా కార్లలో సరిపోదు, స్కానర్ తగిలించాలి. మెకానిక్ చేతికి కారు ఇచ్చేముందే స్కానర్ ఉందా, ఈ మోడల్ ఇంతకు ముందు చేశారా అని అడగాలి. లేదంటే ఆ షెడ్డు కుర్రాడి వేళ్ళ కోసమైనా కారును వెనక్కి తీసుకుని, ఆ సదుపాయం ఉన్న చోటికి పుదుచ్చేరి పట్నానికి తీసుకెళ్ళాలి.